సరుకుల చీటీలో కేలరీల లెక్క
(డాక్టర్ సి. గోపాలన్ గారి స్మృతిలో చేసిన ఉపన్యాసం)

ఇంట్లో రోజూ వంట చేస్తూ, అది తినేవారి షుగర్ గురించి కూడా బెంగపడే అమ్మలూ అక్కలూ ఈ సభలో చాలామంది కనిపిస్తున్నారు. ఈ సాయంత్రం నేను చెప్పదలుచుకున్నది ముందుగా వారికే.

గోపాలన్ గారు 1918లో సేలంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధనశాలలో చేరారు. ఆ పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు వచ్చింది. తార్నాక మీదుగా వెళ్ళే ప్రతివారూ చూసే జాతీయ పోషకాహార సంస్థ అదే. 1960లలో దానికి డైరెక్టరుగా, ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలికి అధిపతిగా పనిచేసి, నూరేళ్ళు నిండాక 2019 అక్టోబరులో కన్నుమూశారు. రామశాస్త్రి, బాలసుబ్రమణియన్ గార్లతో కలిసి 1971లో ఆయన వెలువరించిన భారతీయ ఆహారాల పోషక విలువల పట్టిక ఈనాటికీ డైటీషియన్ల బల్లల మీద ఉంది. మన సొరకాయలో ఎంత శక్తి ఉందో, మన జొన్నలో ఎంత ఉందో అందులో చూసుకోవచ్చు.

అయితే ఆయన చేసిన మరో పని నా ఈనాటి వాదానికి మూలం. 1960లలో ప్రపంచమంతా పేద పిల్లల పోషణ లోపాన్ని మాంసకృత్తుల కొరతగా చూస్తూ ఉంది. గోపాలన్ గారూ ఆయన సహచరులూ ఆ పిల్లలు నిజంగా ఏం తింటున్నారో తూచి చూశారు. వారు తినే తిండే కడుపునిండా దొరికితే మాంసకృత్తులు చాలావరకు సరిపోతాయనీ, అసలు కొరత మొత్తం తిండిలోనే, అంటే కేలరీల్లోనే ఉందనీ తేల్చారు. 1973లో అచ్చయిన అధ్యయనంలో పల్లెల్లోని చిన్నపిల్లలకు 14 నెలలపాటు రోజుకు అదనంగా 310 కేలరీలు ఇచ్చారు. అందులో మాంసకృత్తులు 3 గ్రాములు మాత్రమే. పిల్లల ఎత్తు, బరువు రెండూ మెరుగుపడ్డాయి. ఏదో ఒక పోషకం మీదే చూపు నిలపకుండా మొత్తం తిండిని లెక్కలోకి తీసుకోవడం ఆ పనిలోని పద్ధతి. అప్పుడది ఆకలి లెక్క. 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్లు, ఆ అంచున ఉన్నవారు 13.6 కోట్లు. ఆ పద్ధతే ఇప్పుడు మిగులు లెక్కకు కావాలి. షుగర్ ఉన్నవారి భోజన ప్రణాళిక మొత్తం కేలరీల ఎరుకతో మొదలుకావాలనీ, ఆ ఎరుక కంచం దగ్గర కంటే నెలవారీ సరుకుల చీటీ దగ్గర తేలిగ్గా వస్తుందనీ నా వాదం.

1. పంచదార మానేశాక

షుగర్ ఉందని తెలిసిన రోజు ఇంట్లో మొదట మూతపడేది పంచదార డబ్బా. అది మంచిపనే. ఆ తర్వాత జరిగేది చూడండి. కాఫీలో పంచదార బదులు బెల్లం వస్తుంది, లేకపోతే తేనె వస్తుంది. గోపాలన్ గారి పట్టికలో 100 గ్రాములకు పంచదార 398 కేలరీలు, బెల్లం 383, తేనె 319. రాత్రి అన్నం మానేసి పుల్కాలు మొదలవుతాయి. బియ్యం 345 కేలరీలైతే గోధుమపిండి 341. ఇంకొందరు కొర్రలకో జొన్నలకో రాగులకో మారతారు. కొర్రలు 331, జొన్నలు 349, రాగులు 328. 528 ఆహారాలతో 2017లో వచ్చిన కొత్త పట్టికలో ఈ అంకెలు చాలావరకు కొద్దిగా అటూ ఇటూ అయ్యాయి. ఉడికించక ముందు తూచితే మనం తినే ధాన్యాలన్నీ శక్తి విషయంలో దాదాపు ఒకే గూటివి.

చిరుధాన్యాలు వ్యర్థమని నేననడం లేదు. వాటిలో పీచు ఎక్కువ. చాలావాటి విషయంలో తిన్న తర్వాత రక్తంలో చక్కెర పెరిగే వేగం తెల్లబియ్యంతో పోలిస్తే తక్కువ. కడుపు నిండినట్టు కూడా ఉంటుంది. మార్పు మంచిదే, కొలత మారకపోవడంలోనే చిక్కు ఉంది. కొర్రన్నం షుగర్‌కు మంచిదని విన్న మనిషి వెనకటికంటే ఒక గరిటె ఎక్కువే పెట్టుకుంటాడు. పుల్కా మంచిదని విన్న ఇంట్లో రెండు కాస్తా నాలుగవుతాయి, ఒక్కొక్కదాని మీద చెంచా నూనె పడుతుంది. చెంచా నూనె అంటే 5 గ్రాములు, 45 కేలరీలు. సాయంత్రం టీలోకి పంచదార లేని బిస్కెట్లు వస్తాయి. పంచదార తీసేసినా మైదా, కొవ్వు అందులోనే ఉంటాయి. మామూలు బిస్కెట్లు 100 గ్రాములకు 450 కేలరీలకు పైమాటే. పొట్లం వెనక సన్నటి అక్షరాల్లో ఉండే శక్తి విలువను దాని ముందువైపు పెద్ద అక్షరాలతో పోల్చి చూడమని ఈ సభలో ఉన్నవారిని కోరుతున్నాను. మూడు నెలల తర్వాత సగటు షుగర్ చూపే హెచ్‌బిఏ1సి పరీక్షలో అంకె కదలకపోతే ఇంత నియమంగా ఉన్నా తగ్గలేదని మనిషి కుంగిపోతాడు. అతని నియమంలో లోపం లేదు. మొత్తం ఎంత తింటున్నాడో అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

2. పరగడుపు షుగర్ ఎక్కడిది

కేలరీలకూ మధుమేహానికీ ఉన్న సంబంధం ఇన్సులిన్ కంటే పాతది. 1870-71లో ప్యారిస్ నగరం ముట్టడిలో చిక్కుకుని తిండికి కటకటలాడినప్పుడు, తన రోగుల మూత్రంలో చక్కెర మాయమవుతోందని బుషార్దా అనే వైద్యుడు గమనించాడు. ఇన్సులిన్ రాకముందు అమెరికాలో ఫ్రెడరిక్ ఆలెన్ కఠినమైన అర్ధాకలి ఆహారంతో రోగుల ప్రాణాలను కొంతకాలం నిలిపాడు. ఆ పద్ధతి క్రూరమైనది. చాలామంది పిల్లలు ఎముకల గూడులయ్యారు. 1922లో ఇన్సులిన్ రావడంతో ఆ అవసరం తీరింది, దాంతోపాటు ఆ గమనిక కూడా మరుగున పడింది.

ఈ శతాబ్దంలో ఇంగ్లండులోని న్యూకాజిల్‌కు చెందిన రాయ్ టేలర్ దాన్ని మళ్ళీ పైకి తెచ్చారు. పరగడుపున చూసే షుగర్ రాత్రి తిన్న భోజనం తాలూకు మిగులని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ చక్కెరను రాత్రంతా తయారుచేసి రక్తంలోకి వదిలేది కాలేయం. దాన్ని అదుపులో ఉంచవలసింది ఇన్సులిన్. ఏళ్ళ తరబడి అవసరానికి మించి తిన్న శక్తి కాలేయంలో కొవ్వుగా పేరుకుంటే కాలేయం ఇన్సులిన్ మాట వినదు. ఆ కొవ్వు క్లోమానికీ చేరితే ఇన్సులిన్ తయారీయే మందగిస్తుంది. 2011లో టేలర్ బృందం 11 మందికి ఎనిమిది వారాలపాటు రోజుకు సుమారు 600 కేలరీల ఆహారం ఇచ్చినప్పుడు మొదటి వారంలోనే పరగడుపు షుగర్ మామూలు స్థాయికి వచ్చింది. 2017లో వెలువడిన డైరెక్ట్ అధ్యయనం ఇంకా పెద్దది. 298 మందిలో సగంమందికి కొన్ని నెలలు రోజుకు 850 దాకా కేలరీలిచ్చి, తర్వాత మెల్లగా మామూలు తిండి అలవాటు చేశారు. ఏడాది తర్వాత వారిలో 46 శాతం మంది మందులు లేకుండానే మధుమేహపు గీత కిందికి వచ్చారు. 15 కిలోలు, అంతకుమించి తగ్గినవారిలో అయితే 86 శాతం. వీరంతా జబ్బు బయటపడి ఆరేళ్ళు దాటనివారు, ఇన్సులిన్ మీద లేనివారు. రెండో ఏటికి 46 శాతం 36కు తగ్గింది. ఈ షరతులను వదిలేసి షుగర్ నయమవుతుందని ప్రచారం చేసేవారు రోగులకు అన్యాయం చేస్తున్నారు. అంత తక్కువ తిండి డాక్టరు పర్యవేక్షణలో చేసే చికిత్స. ఇంట్లో సొంతంగా చేసే ప్రయోగం కాకూడదు. నేను ఇక్కడ తీసుకుంటున్నది ఒక్క విషయమే. తిన్న రెండు గంటలకు కనిపించే షుగర్‌ను ఎక్కువగా నిర్ణయించేది ఆ పూట తిన్న పిండిపదార్థం. పరగడుపు షుగర్‌ను, ఏళ్ళమీద జబ్బు నడకను నిర్ణయించేవాటిలో మొత్తం కేలరీల మిగులు ముఖ్యమైనది. మొదటిదాన్ని అందరూ చూస్తున్నారు, రెండోదాన్ని చూసేవారు తక్కువ.

3. కంచం కంటే చీటీ

ప్రతి ముద్దకూ కేలరీలు కట్టడం ఎవరివల్లా కాదు. పప్పులో ఎంత నూనె పడిందో తినేవారికి తెలియదు, వండినవారికీ చెంచాలలో గుర్తుండదు. ఇక్కడ గోపాలన్ గారి కాలంనాటి పని మనకు దారి చూపుతుంది. ఆయన హయాంలో, 1972లో, జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం మొదలైంది. దాని సర్వేయర్లు ఇళ్ళకు వెళ్ళి వండబోయే బియ్యం, పప్పు, నూనె తూచి, తిన్నవారి సంఖ్యతో భాగించేవారు. ఆ సర్వేను ఏ ఇంటికి ఆ ఇల్లు నెలకొకసారి చేసుకోవచ్చు. తూచవలసిన పని కూడా లేదు, సరుకుల చీటీ మీద కిలోలు రాసే ఉంటాయి.

నలుగురు పెద్దవాళ్ళున్న ఒక ఇల్లు అనుకుందాం. నెలకు 25 కిలోల బియ్యం బస్తా, 5 లీటర్ల నూనె, 5 కిలోల గోధుమపిండి, అన్ని పప్పులూ కలిపి 5 కిలోలు, పంచదార బెల్లం కలిపి 3 కిలోలు, 2 కిలోల పల్లీలు, రోజుకు లీటరున్నర ప్యాకెట్ పాలు. ఇది ఊహించిన చీటీయేగానీ ఇక్కడ కూర్చున్న చాలామందికి పరాయిదిగా తోచదని నా నమ్మకం. నలుగురు, ముప్ఫై రోజులు, అంటే 120తో భాగిద్దాం. బియ్యం మనిషికి రోజుకు 208 గ్రాములు, దాదాపు 720 కేలరీలు. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు కాబట్టి నూనె 38 గ్రాములు, 340 కేలరీలు. గోధుమపిండి 140, పప్పులు 140, వెన్న కొంత తీసిన పాలైతే 225, పల్లీలు 95. పంచదార, బెల్లం కలిపి 100. మొత్తం 1,760. ఇందులో కూరగాయలు, పండ్లు, గుడ్లు, మాంసం, నెయ్యి, బయట తిన్న మిర్చిబజ్జీ ఏవీ చేరలేదు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం కూర్చుని పనిచేసే 65 కిలోల పురుషుడికి రోజుకు 2,110 కేలరీలు కావాలి, 55 కిలోల స్త్రీకి 1,660. నలుగురూ సమానంగా తినరు, ఇది సగటు మాత్రమే. అయినా ఆ ఇంట్లో షుగర్ ఉన్న గృహిణి వాటా కూరగాయలు చేరకముందే ఆమె అవసరం దాటే వీలుందని ఈ సగటు చెబుతోంది.

ఈ లెక్కలో పంచదార, బెల్లం కలిపి వంద కేలరీలు. ఇల్లంతా వాటిని పూర్తిగా మానేసినా మొత్తంలో పదిహేడో వంతు తగ్గుతుంది. నూనె దానికి మూడు రెట్లకు పైన ఉంది. నూనె తిన్న వెంటనే గ్లూకోమీటరులో ఏమీ కనబడదు కాబట్టి దాన్ని ఎవరూ అనుమానించరు. పోపులో, వేపుడులో, పచ్చడి మీద పోసిన తాలింపులో, దోసె అంచున అది కరిగి కంటికి కనబడకుండా పోతుంది. 2024లో జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల రోజుకు నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు, ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు ఉన్నాయి. 27 గ్రాములంటే నలుగురికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. మన ఊహాగృహంలో నూనెను అక్కడికి దించితే మనిషికి వంద కేలరీలు తగ్గుతాయి. బియ్యాన్ని 18 కిలోలకు తెస్తే మరో రెండు వందలు. పంచదారను కిలోకు తెస్తే దాదాపు డెబ్బై. వాటి స్థానంలో పప్పులు 8 కిలోలకు పెంచితే 80 తిరిగి చేరతాయి, మాంసకృత్తులూ పెరుగుతాయి. నికరంగా రోజుకు 290 దాకా తగ్గాయి. ఎవరూ ఏ పూటా పస్తు ఉండలేదు.

కడుపు నిండేదెలా అని అడగవచ్చు. కూరగాయల వరస చూడండి. 100 గ్రాముల సొరకాయలో 12 కేలరీలు, బీరకాయలో 17, వంకాయలో 24, పాలకూరలో 26. వంద గ్రాముల బియ్యానికి సమానమైన శక్తి కావాలంటే రెండు కిలోల బీరకాయ తినాలి. అన్నంలోకి కూర కలుపుకోవడం మన అలవాటు. కూరలోకి అన్నం కలుపుకునే దాకా పాళ్ళు మారితే అదే వంటలో సగం సమస్య తీరుతుంది. అయితే ఆ కూర పులుసుగానో ఆవిరి మీదో వండాలి. నూనెలో ముంచి వేయించిన వంకాయకు పట్టికలోని 24 వర్తించదు.

4. అభ్యంతరాలు

మన తాతలు మూడుపూటలా అన్నమే తిన్నారు, వారికి షుగర్ లేదు కదా అన్నది అన్నిటికంటే ఎక్కువగా వినిపించే అభ్యంతరం. దీనికి జవాబు ఇందాకటి మండలి లెక్కలోనే ఉంది. బరువైన శ్రమ చేసే పురుషుడికి రోజుకు 3,470 కేలరీలు కావాలి, కూర్చుని పనిచేసేవాడికి 2,110. స్త్రీకి 2,720, 1,660. నాట్లు వేసి, కుప్పలు నూర్చి, నీళ్ళు మోసిన మనిషికి ఆ కుండెడు అన్నం అవసరం. ఆ పని పోయింది, కుండ మిగిలింది. పైగా ఆ అన్నం పక్కన ఇంత నూనె ఉండేది కాదు.

కేలరీలతో పనిలేదు, పిండిపదార్థం మానేసి కొవ్వు ఎంతైనా తినవచ్చు అనే మాట తెలుగునాట కొన్నేళ్ళుగా బలంగా ప్రచారమైంది. పిండిపదార్థం బాగా తగ్గిస్తే షుగర్ త్వరగా దిగుతుంది, అది కాదనలేని నిజం. మన కంచంలో ధాన్యం వాటా ఎక్కువ కాబట్టి దాన్ని తగ్గించమనే నేనూ చెబుతున్నాను. ఆ పద్ధతిలో బరువు తగ్గినవారిలో ఎక్కువమంది అన్నం, టిఫిన్లు, స్వీట్లు పోవడంతో తెలియకుండానే తక్కువ కేలరీలు తిన్నవారే. తొలి ఆరు నెలల్లో కనిపించే ఆధిక్యం ఏడాది గడిచేసరికి ఇతర ఆహార పద్ధతులతో పోలిస్తే చాలావరకు కరిగిపోతున్నట్టు అధ్యయనాలు చూపుతున్నాయి. గ్రాముకు 9 కేలరీలున్న పదార్థానికి లెక్క అక్కర్లేదనడానికి ఆధారం లేదు.

మూడో అభ్యంతరం వైద్యుల నుంచి వస్తుంది, అందుకే బలమైనది. అమెరికాలో లుక్ అహెడ్ అనే అధ్యయనం 5,145 మంది మధుమేహులతో జరిగింది. ఒక జట్టుకు రోజుకు 1,200 నుంచి 1,800 కేలరీల ఆహారం, వ్యాయామం నేర్పారు. దాదాపు పదేళ్ళ తర్వాత గుండెపోటు, పక్షవాతం ఆ జట్టులో తక్కువగా ఏమీ లేవని తేలి 2012లో దాన్ని ఆపారు. అలాంటప్పుడు ఇంత శ్రమ ఎందుకు? నేను ఈ ఫలితాన్ని తేలిక చేయను. గుండెకు కేలరీల తగ్గింపు ఒక్కటే రక్ష కాదని, రక్తపోటుకూ కొలెస్ట్రాల్‌కూ మందులు మానరాదని అది నేర్పింది. అదే అధ్యయనంలో ఆ జట్టువారి షుగర్ మెరుగ్గా ఉంది, మందుల అవసరం తగ్గింది, నిద్రలో ఊపిరి ఆగే బాధ తగ్గింది. మన పక్కనే చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 2006లో వెలువరించిన అధ్యయనంలో మధుమేహపు అంచున ఉన్నవారికి ఆహారం, నడక నేర్పితే జబ్బు వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. విచిత్రమేమిటంటే అక్కడ బరువు దాదాపు మారలేదు. మన శరీరాల్లో త్రాసు చూపని మార్పు ఏదో జరుగుతోందన్నమాట.

నేను సన్నగానే ఉన్నాను, నాకెందుకు అనేవారికీ అక్కడే జవాబు మొదలవుతుంది. పుణెకు చెందిన యాజ్ఞిక్, లండన్‌కు చెందిన యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఫోటో ప్రచురించారు. ఎత్తుకు తగ్గ బరువు సూచిక ఇద్దరికీ ఒకటే, 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. అందుకే మనవాళ్ళకు ఆ సూచిక 23 దాటగానే హెచ్చరిక. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటరాదు.

5. తగ్గించకూడనివారు

ఈ భాగాన్ని కాస్త శ్రద్ధగా వినమని వేడుకుంటున్నాను. టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలకు కేలరీలు తగ్గించడం తప్పు. వారు ఎదగాలి, ఇన్సులినే తిండికి తగ్గట్టు సర్దుకోవాలి. గర్భిణులకూ, డెబ్బై దాటి కండ కరిగిపోతున్నవారికీ, మూత్రపిండాలు దెబ్బతిన్నవారికీ లెక్క వేరు. జబ్బు వల్లే బరువు కోల్పోతున్న మనిషి ముందు డాక్టరును చూడాలి. ఇంట్లో నలుగురి సరుకులు తగ్గించినప్పుడు ఎదిగే పిల్లవాడి పాలూ గుడ్డూ పల్లీలూ తగ్గకూడదు. కేలరీల ఎరుక ఉంటే ఎవరికి పెంచాలో కూడా తెలుస్తుంది. గోపాలన్ గారి పని మొదలైంది పెంచవలసినవారితోనే.

అన్నిటికంటే ముఖ్యమైనది మందుల సంగతి. ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వేసుకునేవారు మోతాదు మార్చకుండా తిండి ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక, ఒక్కోసారి స్పృహ తప్పడం. ఉపవాసాల రోజుల్లో ఇది ఎక్కువ. కాబట్టి చీటీ మార్చేముందు మందుల చీటీ డాక్టరుకు చూపాలి. తిండి తగ్గిస్తున్నాను, మోతాదు ఏం చేయమంటారు అని సూటిగా అడగాలి.

6. ఎవరి చేతిలో

షుగర్ ఉన్నది భర్తకైతే డైటీషియన్ ఆయనకే కాగితం ఇస్తుంది. నూనె గరిటె ఆయన చేతిలో ఉండదు. షుగర్ ఉన్నది భార్యకైతే ఆమెకు వేరే వంట ఉండదు, అందరూ తిన్నాక మిగిలిన అన్నం పారబోయలేక తనే తింటుంది. ఆ మిగులు ఏ కాగితంలోనూ ఉండదు. అందుకే ఈ లెక్క మనిషికి కాక ఇంటికి వేయాలని నేను పట్టుబడుతున్నాను. సరుకులు తెచ్చేవారూ వండేవారూ తినేవారూ ఒకసారి కూర్చుని, ఇంట్లోవారి సంఖ్యను ముప్ఫైతో గుణించి, చీటీలోని కిలోలను దానితో భాగించుకోవాలి.

ఇది కొనగలిగినవారికే సాగే మాట కదా అంటారు. రేషన్‌లో బియ్యం దాదాపు ఉచితంగా దొరుకుతుంది. కందిపప్పుకూ కూరగాయలకూ చేతి డబ్బు పెట్టాలి. పేద ఇంట్లో బియ్యం తగ్గించమనడం తేలిక, దాని స్థానంలో ఏం తినాలో చెప్పడం కష్టం. ఈ అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. చౌక డిపోలో పప్పు, చిరుధాన్యాలు నిలకడగా దొరికేదాకా ఆ జవాబు ఉండదు. వాటిని అందించడం ప్రభుత్వం తీర్చవలసిన బాకీ. ఈలోగా నూనె తగ్గించడానికి మాత్రం డబ్బు అక్కర్లేదు, డబ్బు మిగులుతుంది.

మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ముప్ఫై దాటినవారికి బీపీ, షుగర్ చూసే ఏర్పాటు ఇప్పుడు ఉంది. ఆశా కార్యకర్తలూ ఏఎన్‌ఎంలూ ఇంటింటికీ వెళ్తున్నారు. వారి పుస్తకంలో ఇంకొక వరస చేర్చమని ఈ వేదిక నుంచి కోరుతున్నాను. ఇంట్లో ఎందరు, నెలకు బియ్యం ఎన్ని కిలోలు, నూనె ఎన్ని లీటర్లు, పంచదార బెల్లం ఎంత, పప్పు ఎంత. ఆరు నెలలకొకసారి అదే ప్రశ్న మళ్ళీ అడగాలి. మందు ఎందుకు పనిచేయడం లేదో వెతికే డాక్టరుకు ఆ వరస అక్కరకొస్తుంది. పాత సర్వేయర్లలాగా ఎవరూ త్రాసు మోసుకు వెళ్ళనక్కర్లేదు, సరుకుల చీటీ అడిగి చూస్తే చాలు.